ఒగ్గు మోగితే ఊరంతా ఒక్కచోట
మల్లన్న కథతో అల్లుకున్న ఓరుగల్లు పల్లె జీవనం

ధర్మసాగర్: సంక్రాంతి సమీపించగానే ధర్మసాగర్ చుట్టుపక్కల పల్లెల చూపు ఐనవోలు వైపు మళ్లుతుంది. కాకతీయుల కీర్తితోరణాల నడుమ వెలసిన మల్లన్న సన్నిధికి బోనాలతో తరలివెళ్లే భక్తుల ముందు డోలు మోగుతుంది. ఆ డోలు కేవలం మేళతాళం కాదు. దాని వెనుక ఒక కథ, ఆ కథను నమ్ముకున్న కుటుంబాలు, ఆ కుటుంబాలను పోషించిన ఊళ్లు ఉన్నాయి.

ఒగ్గు అంటే శివుని చేతి డమరుకం. దానిని మోగిస్తూ మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలు చెప్పేవారే ఒగ్గు పూజారులు. గొల్ల, కురుమల ఇళ్లలో మొక్కు చెల్లించాలన్నా, పట్నం వేయాలన్నా వారే రావాలి. పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడులతో నేలపై ముగ్గు తీర్చి, దాని ఎదుట కథ మొదలుపెడతారు. అంటే ఒకే మనిషి చిత్రకారుడు, గాయకుడు, నటుడు, అర్చకుడు కూడా. ఇంతటి కళాకారుడిని పల్లె ఏనాడూ కళాకారుడని పిలవలేదు, ఇంటి మనిషిగానే చూసింది.

కథలోనే కలయిక
మల్లన్న కథలో దేవునికి ఇద్దరు భార్యలు. మేడలమ్మ బలిజ ఇంటి ఆడపడుచు, కేతమ్మ గొల్లల ఆడపడుచు. వేర్వేరు కులాలు ఒకే దేవునితో వియ్యమందుకున్న కథ ఇది. రాత్రంతా సాగే ఈ కథను వినేందుకు ఇరుగుపొరుగు వచ్చి కూర్చుంటారు. ఒగ్గుకథ ఒక్కరితో నడిచేది కాదు. ప్రధాన కథకుడు, మాటకు మాట అందించే వంతగాడు, డోలు, తాళం వాయించేవారు ఉండాలి. పిల్లలు మొదట తాళం పట్టి, వింటూ వింటూ కథ నేర్చుకుంటారు.

అయితే అంతా ఆదర్శమే అనుకోవడం పొరపాటు. పల్లె కళలకు కులమే పోషణ, కులమే సంకెల. మాదిగలను ఆశ్రయించి యక్షగానం ఆడిన చిందు కళాకారులకు ఊళ్లపై వంశపారంపర్య హక్కులుండేవి. కానీ ఊరి నడుమ గౌరవం మాత్రం దక్కలేదు. వేషం కట్టినంతసేపే రాజు, వేషం విప్పితే ఊరి చివరి మనిషి.

పల్లె నుంచి వేదికకు
ఈ గిరిని దాటినవారిలో అగ్రగణ్యుడు చుక్క సత్తయ్య. ప్రస్తుత జనగామ జిల్లా మాణిక్యాపురంలో 1935లో జన్మించిన ఆయన మొక్కుల కథను బహిరంగ వేదికలకు చేర్చారు. దేవుళ్ల గాథలతో పాటు సామాజిక విషయాలనూ ఒగ్గుకథగా మలిచి జనం ముందుంచారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందిన ఆయన 2017 నవంబరులో కన్నుమూశారు. చిందు యక్షగానానికి అదే జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్య ద్వారా 2024లో పద్మశ్రీ గౌరవం లభించింది.

గౌరవం వచ్చింది, ఆట నిడివి మాత్రం తగ్గింది. రాత్రంతా చెప్పే కథకు సభా వేదికపై దక్కేది కొద్ది నిమిషాలే. నాయకుల ఊరేగింపులలో డోలు విన్యాసాలకు గిరాకీ పెరిగింది. డోలు కొట్టే యువకులు దొరుకుతున్నారు. కథ మొత్తం కంఠస్థం చేసేందుకు ఏళ్ల తరబడి గురువు వెంట తిరిగేవారే కావాలి. స్వాగతాలకు డోలు చాలు, మొక్కు తీరాలంటే కథ పూర్తి కావాలి. కథ సగంలో ఆపితే మల్లన్న పట్నం పూర్తయినట్లు ఏ ఇంటివారూ ఒప్పుకోరు. అందుకే పూర్తి కథ ఇంకా మిగిలి ఉన్నది సభా వేదికపై కాదు, మొక్కున్న ఇంటి వాకిట్లోనే.