రాయి పాతబడాలంటే



పూలకుండీల గురించీ, బొమ్మల కొలువుల గురించీ చాలామంది చెప్పగా విన్నారు. నేనివాళ రాయి గురించి చెబుతాను. నవ్వకండి. అరుగు మీద నాలుగు గులకరాళ్ళు పేర్చుకుని మురిసిపోని ఆడపిల్ల మనలో ఎవరున్నారు?

జపాను వాళ్ళు ఏటిలోనో, కొండవాగులోనో దొరికిన రాయిని ఇంటికి తెచ్చుకుని, చిన్న చెక్కపీట మీదనో, ఇసుక పోసిన పళ్ళెంలోనో పెట్టి చూసుకుంటారు. దానిని ‘సుయిసెకి’ అంటారు. సుయి అంటే నీరు, సెకి అంటే రాయి. ఉలి పెట్టి చెక్కిన బొమ్మ కాదది. ఉన్న రాయి ఉన్నట్టే ఉండాలి, కానీ చూడగానే దూరాన కొండో, సముద్రంలో దీవో కళ్ళకు కట్టాలి. చైనా నుంచి వాళ్ళకు అబ్బిన ముచ్చట ఇది. 14వ శతాబ్దపు గోదైగో చక్రవర్తి ప్రవాసానికి పోతూ కూడా ఒక రాయిని వెంట తీసుకుపోయాడని చెబుతారు. కలలో తేలే వంతెన అనే అర్థం వచ్చే పేరున్న ఆ రాయి నగోయాలోని తోకుగావా మ్యూజియంలో ఉంది.

మనకిది కొత్తా అంటే, పూర్తిగా కాదు. పంచాయతన పూజ ఉన్న ఇళ్ళలో చూడండి. విష్ణువుకు గండకీ నది సాలగ్రామం, శివుడికి నర్మదలోని బాణలింగం, వినాయకుడికి శోణభద్ర రాయి, సూర్యుడికి స్ఫటికం. అమ్మవారికి మాత్రం మన స్వర్ణముఖి రాయి. కాళహస్తిని ఒరుసుకుని పారి నెల్లూరు సీమలో సముద్రంలో కలిసే ఏరే అది. వీటిల్లో దేన్నీ ఎవరూ చెక్కలేదు. మనం పూజ చేస్తాం, వాళ్ళు ఊరికే చూస్తారు, అంతే తేడా.

మాది అల్లూరు. మా ఊళ్ళో రాయి ఎక్కడిదమ్మా! చుట్టూ వరి మడులు, పెద్ద చెరువు, తూర్పుకు పోతే ఇసుక, ఆపైన సముద్రం. అందుకే కాబోలు, మా జేజమ్మ సోమశిల వెళ్ళినప్పుడు పెన్నలో దొరికిన నల్లటి రాయినొకదాన్ని కొంగున కట్టుకొచ్చింది. రెండు చేతుల్లో పట్టేంత. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క వాలుగా, అచ్చం ఉదయగిరి కొండను చూసినట్టుండేది. ఊరగాయ జాడీలో ముక్కలు తేలకుండా కొన్నాళ్ళు దాన్ని బరువు పెట్టేది. ఆ తరువాత బావి గట్టు మీద ఉండిపోయింది. పోతూ వస్తూ అందరం దాన్ని తాకేవాళ్ళం. ముప్ఫై ఏళ్ళకు దానికొక నునుపు వచ్చింది. మెరుపు కాదు, నునుపు. సన్నికల్లు మీది పొత్రానికీ, గంధపు సానకూ వచ్చేదే. జపాను వాళ్ళు ఎన్నో ఏళ్ళు శ్రమపడేది దీనికోసమే.

జేజమ్మ పోయాక ఆ రాయి నాకు వచ్చింది. అడుగున తెల్లగా సున్నం కట్టి ఉంది. శుభ్రం చేద్దామని బాత్రూములు కడిగే యాసిడ్ పోశాను. బుసబుసా పొంగింది. కడిగి చూసుకుంటే సున్నంతో పాటు ఆ నల్లని చర్మం కూడా పోయి, గరుగ్గా, బూడిదరంగుగా తేలింది. ముప్ఫై ఏళ్ళది రెండు నిమిషాల్లో పోగొట్టాను.

ఎందుకలా అయిందో తరువాత తెలిసింది. పెన్న ఎగువన ఉన్నది కడప నాపరాళ్ళ సీమ. ఆ జాతి రాయిలో ఉండేది సున్నపు పదార్థమే. ఆమ్లం తగిలితే కరుగుతుంది. వంటింటి గట్టుకు వేసే కడప రాయి మీద నిమ్మరసం పడితే మచ్చ పడేదీ ఇందుకే. కాబట్టి రాయి తేగానే అడుగు వైపు, కనబడని చోట, ఇనుప మేకుతో గీయండి. గీత పడి, రాలిన పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే నురగ వచ్చిందా, అది సున్నపు రాయి. మేకుకు లొంగకపోతే పలుగురాయి జాతి, గట్టిది. ఏదైనా సరే యాసిడ్ జోలికి పోకండి. దానిలో బ్లీచింగ్ పౌడరు కలిసిందంటే వచ్చే విషవాయువుకు ఊపిరి ఆడదు.

శుభ్రానికి కొబ్బరి పీచు, వెదురు పుల్ల, మెత్తటి బ్రష్షు చాలు. ఇనుప పీచు వద్దు. సముద్రపు ఒడ్డున దొరికిన రాయైతే నాలుగైదు వారాలు మంచినీళ్ళలో నానబెట్టి, రోజు విడిచి రోజు నీళ్ళు మార్చండి. లోపల ఉప్పుంటే ఎండినప్పుడు పైకి తేలి పై పొరను పెచ్చులుగా లేపుతుంది.

ఆ తరువాత పని మనది కాదు, ఎండదీ వానదీ. డాబా మీద చెక్కల మధ్య సందులుంచి బల్ల వేసి, దాని మీద పెట్టండి. పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లండి. మిట్టమధ్యాహ్నం కాగిన రాయి మీద చన్నీళ్ళు పోస్తే కొన్ని పగులుతాయి. నెలకొకసారి తిప్పిపెట్టండి. బోరు నీళ్ళు పనికిరావు, తెల్లచార కడతాయి. మన వైపు కార్తీక మాసంలో వాన దండిగా పడుతుంది కదా, ఆ నీళ్ళు పట్టి ఉంచుకోండి. అప్పుడప్పుడు ఉత్త చేత్తో నిమరండి. ఎత్తుగా ఉన్నచోట చెయ్యి తగిలి నునుపెక్కుతుంది, పల్లాల్లో నలుపు నిలుస్తుంది. ఈ పనిని అక్కడ ‘యోసెకి’ అంటారు. అయిదేళ్ళు, పదేళ్ళు మామూలే. కొబ్బరినూనో, పాలిషో రాస్తే ఆ పూటకు నల్లగా కనబడుతుంది గానీ, దుమ్ము పట్టి జిడ్డోడుతుంది.

ఇంట్లో పెట్టేటప్పుడు ఖరీదైన పళ్ళేలు అక్కర్లేదు. అంచు తక్కువ ఇత్తడి పళ్ళెంలో కడిగిన సన్న ఇసుక పోసి, రాయిని నట్టనడుమ కాకుండా కాస్త పక్కకు పెట్టండి. పీట కావాలంటే రాయి అడుగుకు సరిగ్గా సరిపడే గుంట తొలిపించాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే పనివాళ్ళ వంటి చెయ్యి తిరిగినవాళ్ళకే అది సాధ్యం. రాయిని పీటకు సరిపెట్టడానికి అడుగు కోయించాలని మాత్రం చూడకండి.

జేజమ్మ రాయి ఇప్పుడు మా డాబా మీద ఉంది. పదకొండేళ్ళయింది. వాలు పక్కన కొంత నలుపు తిరిగింది. యాసిడ్ బాగా తిన్న శిఖరం దగ్గర ఇంకా గరుకే. పొద్దున నీళ్ళు చల్లేటప్పుడు మా మనవరాలు ఆ గరుకు మీదే వేలు పెట్టి రాస్తుంది. రాయనీలే అని ఊరుకుంటాను.