పోపులపెట్టెకు పరీక్ష

తెలుగువారి యింట పోపులపెట్టె సగము వైద్యశాల. వేలు తెగినచో పసుపు అద్దుదురు. దగ్గు వచ్చినచో మిరియాల కషాయము కాచుదురు. బాలింతకు వెల్లుల్లి పెట్టుదురు. తరతరములుగా వచ్చిన ఈ యాచారములను కొందరు కన్నులు మూసికొని నమ్ముదురు. మరికొందరు కన్నులు మూసికొనియే త్రోసివేయుదురు. విద్యార్థికి ఈ రెండును తగవు. అతనికి తగినది మూడవ మార్గము: పరీక్షించి చూచుట. ఆహారపదార్థములకు బాక్టీరియాను అడ్డు శక్తి కలదా యను ప్రశ్న, పాఠశాలలలోను కళాశాలలలోను బాలబాలికలు చేపట్టు పరిశోధనలకు అందువలననే యిష్టమైన విషయమైనది.

ఈ పరీక్షకు ఆధారమైన పదార్థము సైతము వంటింటినుండియే వచ్చుట ఒక వింత. జర్మనీలో రాబర్ట్ కాక్ తొలుత సూక్ష్మజీవులను ఉడికించిన బంగాళాదుంప ముక్కలమీదను, జెలటిన్ మీదను పెంచుచుండెను. జెలటిన్ వేసవి వేడికి కరగిపోవుచుండెను. కొన్ని బాక్టీరియాలు దానిని ద్రవముగా మార్చివేయుచుండెను. ఆ రంగమున కృషి చేయుచుండిన వాల్టర్ హెస్సె ఈ చిక్కును ఇంట చెప్పగా, ఆయన భార్య ఫానీ హెస్సె, తాను జెల్లీలు చేయుటకు వాడు అగారును ప్రయత్నింపుమని 1881లో సూచించెను. సముద్రపు నాచునుండి తీయు నీ పదార్థము ఒకసారి గడ్డకట్టినచో శరీరపు వేడికి కరగదు. 1887లో జూలియస్ పెట్రి దానికి తగిన మూతపళ్లెమును సమకూర్చెను. నేటికిని ప్రయోగశాలలలో అదే అగారు, అదే పళ్లెము.

ప్రయోగవిధానము సులభము. పళ్లెములోని అగారుపై బాక్టీరియాను సమముగా పూయుదురు. పరీక్షింపదలచిన రసములో తడిపిన చిన్న వడపోతకాగితపు బిళ్లను దానిపై నుంచి, మూతవేసి, ఒక దినము వెచ్చని చోట నుంచుదురు. బాక్టీరియా పెరిగి పళ్లెమంతయు పలుచని మబ్బువలె కప్పును. రసమునకు వాని నడ్డు శక్తి యున్నచో బిళ్ల చుట్టును స్వచ్ఛమైన వలయము నిలుచును. దాని వ్యాసమును మిల్లీమీటర్లలో కొలిచి వ్రాసికొందురు. కొలుచుట సులభమే, ఆ కొలతకు అర్థము చెప్పుటయే కష్టము.

నిమ్మరసపు బిళ్ల చుట్టును వలయము కనబడినదనుకొందము. అది నిమ్మకు గల ప్రత్యేకగుణమా, పులుపు మాత్రమేనా? అంతే పులుపుగల సిట్రిక్ ఆమ్లపు ద్రావణముతో మరియొక బిళ్లను ప్రక్కన ఉంచినగాని తేలదు. తేనెకు వలయము వచ్చినచో అంతే చిక్కని చక్కెరపాకమును ప్రక్కన నిలుపవలెను. ఏలయన గాఢమైన తీపి బాక్టీరియా నుండి నీటిని లాగివేయును. తేనెలో అంతకు మించినదియు కలదు. అందలి యొక ఎంజైము వలన హైడ్రోజన్ పెరాక్సైడు పుట్టుచున్నదని 1963లో నిరూపింపబడినది. పసుపును సారాయములో నానబెట్టి తీసినచో వట్టి సారాయపు బిళ్లయు ఉండవలెను. ఈ పోలికబిళ్ల లేని ప్రయోగము ప్రతివాది లేని న్యాయస్థానము వంటిది. తీర్పు ముందే వ్రాసియుండును.

తయారుచేయు విధమును ఫలితమును మార్చును. చెక్కుచెదరని వెల్లుల్లిరెబ్బలో అల్లిసిన్ అను పదార్థము దాదాపు ఉండదు. రెబ్బను దంచినపుడు దానిలో వేరువేరుగా నున్న అల్లిన్ అను పదార్థమును, ఒక ఎంజైమును కలిసికొని అల్లిసిన్ పుట్టును. దీనిని 1944లో అమెరికాలో కావల్లీటో, బెయిలీ అను శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. దంచకముందే ఉడికించినచో ఆ ఎంజైము నశించును. పచ్చిది దంచిన రసము నొక బిళ్లపైనను, ఉడికించి దంచిన రసము వేరొక బిళ్లపైనను వేసి చూచిన బాలునికి, ఏ పుస్తకమును చెప్పలేనంత స్పష్టముగా ఈ విషయము బోధపడును.

ఇక పసుపు. ఎంతో ఆశతో పెట్టిన పసుపునీటి బిళ్ల చుట్టును తరచుగా వలయము కనబడదు. అచ్చటనే విద్యార్థి శీలమునకు అసలు పరీక్ష. ప్రదర్శనకు గడువు దగ్గరపడినది, న్యాయనిర్ణేతలు వత్తురు, ఇంటివారు పసుపు గొప్పదని యెదురుచూచుచుందురు. సున్నకు బదులు నాలుగైదు మిల్లీమీటర్లు వ్రాసినచో అడుగువారెవరు? కాని ఆ సున్నయే విలువైన ఫలితము. పసుపులోని కుర్కుమిన్ నీటిలో మిక్కిలి స్వల్పముగా కరగును. నీటిమయమైన అగారులో అది దూరము ప్రాకలేదు. కావున వలయము లేకుండుట శక్తి లేకుండుటయే కానక్కరలేదు. పెద్ద వలయము పెద్ద శక్తియు కానక్కరలేదు. సున్నను దాచినవానికి ఈ ప్రశ్నయే పుట్టదు. నిజము వ్రాసినవాడు మరునాడు వేరొక పద్ధతి వెదకును.

పళ్లెము దేహము కాదను మాటయు మరువరాదు. ఫ్లెమింగు 1928లో బూజు చుట్టును స్వచ్ఛమైన వలయమును చూచెను. శుద్ధిచేసిన పెన్సిలిన్‌తో ఆక్స్‌ఫర్డులో రోగికి చికిత్స మొదలగుటకు 1941 రావలసివచ్చినది. వలయమును చూచి జ్వరపీడితునకు వైద్యుడిచ్చిన మందు మాన్పించి వెల్లుల్లిరసము పోయువాడు శాస్త్రమునకును, అమ్మమ్మకును కూడ అపచారము చేసినవాడే.

ఉపాధ్యాయునిపై మరియొక బాధ్యత కలదు. గొంతునుండి, పుండునుండి తీసిన బాక్టీరియాను పిల్లల చేతికీయరాదు. చండీగఢ్‌లోని సూక్ష్మజీవ సంగ్రహాలయము వంటి గుర్తింపుగల సంస్థలనుండి హానిలేని రకములనే తెప్పింపవలెను. పళ్లెములను శరీరపు వేడికంటె తక్కువగా, 25–30 డిగ్రీల నడుమ నుంచవలెను. పెరిగిన పిదప మూత తెరువక, వెలుపలినుండియే కొలువవలెను. పని ముగిసినంతనే 121 డిగ్రీల ఆవిరిలో కనీసము 15 నిమిషములుంచి, అటుపిమ్మటనే పారవేయవలెను.

ఇట్టి ప్రయోగముచేత క్రొత్త మందు దొరకకపోవచ్చును. కాని ‘మా యింట అందరును అందురు’ అను మాటనుండి ‘మూడు పళ్లెములలో చూచితిని, ఇంత కనబడినది’ అను మాటకు ఒక బాలిక నడచివచ్చినచో, ఆ చిన్ని పళ్లెము తన పని నెరవేర్చినట్లే.