మీకు తెలుసా? కుండపెంకే ఓటు

ప్రాచీన ఏథెన్సు పౌరులు ఒక నాయకుణ్ణి పదేళ్లపాటు నగరం నుంచి వెళ్లగొట్టడానికి కుండపెంకుల మీద ఓటు వేసేవారు. గ్రీకులో పెంకు ‘ఓస్ట్రకోన్’. ఆ బహిష్కారానికి ‘ఓస్ట్రకిస్మోస్’ అన్న పేరు దాన్నుంచే వచ్చింది. మన ‘పెంకు’ లాగే ‘ఓస్ట్రకోన్’ అన్న మాట కుండకూ చెల్లుతుంది, గుడ్డుకూ చెల్లుతుంది. పేరు గీకిన పెంకులు కనీసం 6,000 పడితేనే లెక్క. వెళ్లినవాడి ఆస్తి మాత్రం భద్రం.

1937లో ఆక్రోపోలిస్ ఉత్తరపు వాలున ఒక బావిలో థెమిస్టోక్లీస్ పేరున్న పెంకులు దాదాపు 190 దొరికాయి. చేతిరాతలు చూస్తే రాసినవాళ్లు 14 మందే! ఓటర్లకు పంచడానికి ముందే రాసి ఉంచినవని పండితుల అభిప్రాయం. క్రీ.పూ. 480లో సలామిస్ సముద్రయుద్ధంలో పర్షియన్ల మీద గ్రీకులను గెలిపించిన వీరుడు థెమిస్టోక్లీస్. కొన్నేళ్లకే ఆయనకూ ఈ బహిష్కారం తప్పలేదు.