విమర్శ పెంచిన సాంకేతిక రచన

మందుపెట్టెలో మడచియుంచిన కాగితము మొదలు విమానపు మరమ్మతు మాన్యువలు వరకు, ఒక వస్తువును మనచేత సరిగా వాడించుటకై వ్రాయబడునదెల్ల సాంకేతిక రచనయే. కావ్యము నచ్చని పాఠకుడు పుస్తకము మూసివేయును. ఈ రచన బోధపడని పాఠకుడో, పనిముట్టు చేత పట్టియే పొరపాటు చేయును. కావున ఇతరుల విమర్శ ఈ రచయిత విద్యలో ప్రధానభాగము.

మిక్సీతో వచ్చు సూచనపత్రములో “మూత తెరచి బ్లేడును తుడువవలెను; అంతకు ముందు ప్లగ్గు తీసివేయవలెను” అని యున్నదనుకొందము. ఇందు వ్యాకరణదోషము లేదు, విషయదోషమును లేదు. వ్రాసినవారు ఎన్నిమార్లు చదువుకొన్నను లోపము కంటబడదు, ఏలయన రెండవ మాట వారికి ముందే తెలియును. వంటయింట నిలిచి, ఒక్కొక్క మాటను చదువుచు చేయుచు పోవు మనిషి మాత్రము ఆ రెండవ మాటకు వచ్చులోపలనే బ్లేడుమీద చేయి వేసియుండును. ఆ దృశ్యమును చూచిన రచయిత “మొదట ప్లగ్గు తీయవలెను, పిదప మూత తెరవవలెను” అని వెంటనే దిద్దును.

1980 దశకమున ఐబీఎం పరిశోధనాలయములో జాన్ కారల్ చేసిన పని యిట్టిదే. కంప్యూటరుపై లేఖలు సిద్ధపరచుట నేర్చుకొను కార్యాలయోద్యోగులను ఆయన గమనింపగా, వారు పుస్తకమును వరుసగా చదువక, తోచిన చోట పని మొదలుపెట్టి తప్పులలో చిక్కుకొనుట కనబడెను. ఆయన చదువరులను నిందింపలేదు. మాన్యువలునే కుదించి, తప్పునుండి బయటపడు దారిని అందులో చేర్చెను.

ఇట్టి అనుభవములు పేరుకొని గట్టిపడినప్పుడు ప్రమాణములగును. ఆంగ్లము మాతృభాష కాని మెకానిక్కులకును మరమ్మతు మాన్యువళ్లు తెలియవలెనని ఐరోపా విమానసంస్థలు కోరిన పిమ్మట, 1986లో సరళ సాంకేతికాంగ్ల నియమావళి వెలువడెను. పని చెప్పు వాక్యము 20 పదములకును, వివరించు వాక్యము 25 పదములకును మించరాదనియు, ఒక పదమును ఒకే అర్థమున వాడవలెననియు దాని కట్టడి. ఇది రచనను ఎండగట్టునని కొందరి భయము. రాత్రివేళ ఇంజను ప్రక్కన నిలిచి చదువువానికి ఆ పొదుపే ఉపకారమని నా నమ్మకము.

ఉన్నతప్రమాణము వస్తువును సైతము దిద్దగలదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలవారు 1971లో వెలువరించిన యూనిక్సు అను కంప్యూటరు నిర్వహణవ్యవస్థ మాన్యువలులో, ప్రోగ్రాముల లోపములను తామే ఒప్పుకొను “బగ్స్” అను శీర్షిక కలదు. క్రొత్త కూర్పు వచ్చునప్పుడెల్ల, వికారమైన నడతను వ్రాతలో పెట్టబూని, దానిని అచ్చువేయ మనసొప్పక, ప్రోగ్రామునే మార్చుట అచ్చట పరిపాటియని ఆ ప్రయోగశాలలవారిలో ఒకరైన డగ్లస్ మెకిల్‌రాయ్ చెప్పియున్నారు. వివరింప లజ్జ కలిగించినదానిని సవరించు ఈ నిజాయితీ నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచును.

మన పురుగుమందుల డబ్బాలతో వచ్చు కరపత్రములలో తెలుగును ఉన్నది. కాని పెక్కింటిలో అక్షరములు చీమలవలె నుండును, వాక్యములు ఆంగ్లమును పదమునకు పదముగా దించినట్లుండును. అచ్చునకు ముందు ఆ కాగితమును ఒక రైతు చేతికిచ్చి, ట్యాంకు నీటిలో ఎంత మందు కలుపవలెనో, చేతికి తగిలినచో ఏమి చేయవలెనో ఆయన నోట చెప్పించుకొనుటకు ఒక్క పూట చాలును.