కొండదారిలో జట్టు సైకిలు ప్రయాణము

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ఊళ్ళను కలుపు దారులు ఎత్తుపల్లములతో నిండినవి. పిల్లలు జట్టుగా సైకిళ్ళపై ఒక దినము ఆ దారుల తిరిగి వచ్చెదమన్నప్పుడు తలిదండ్రులు మమ్ము అడుగు మొదటి ప్రశ్న, వెనుకబడినవాని గతి యేమి యని. అడుగదగిన ప్రశ్నయే.

చదునునేలపై వేగముగా పోవువానికి గాలియే పెద్ద అడ్డు. ముందువాని వెనుక దగ్గరగా పోయిన శ్రమ సుమారు నాల్గవవంతు తగ్గును. బలముగలవారు వంతుల చొప్పున ముందు నడచిన బలహీనుడును జట్టుతో సాగగలడు. ఎత్తుదారిలో ఈ సాయము దాదాపు లేదు. వేగము తగ్గగానే గాలి అడ్డును తగ్గును. ఇక ఎవని బరువు వాడే మోయవలెను. నందికొండ శిఖరము 1478 మీటర్ల ఎత్తు. సైకిలుతో కూడ 60 కిలోల బరువుండు బాలుడు అందులో 400 మీటర్లు ఎక్కుటకు శరీరము సుమారు 225 కిలోకాలరీలు ఖర్చుచేయును. ఒక సంగటి ముద్ద అనుకొనుడు! గేరు మార్చిన ఆ పని తగ్గదు; ఎక్కువమార్లు తొక్కి కొద్దికొద్దిగా చెల్లింతుము, అంతే. గేర్లు లేని సైకిలును దిగి నడిపించుకొనుటలో చిన్నతనము లేదు.

కావున ఎత్తుదారిలో జట్టు చెదరుట సహజము. ఎవరి నడకను వారు ఎక్కవలెను, పైన అందరును ఆగవలెను. అనుభవజ్ఞుడైన పెద్ద యొకడు అందరి వెనుక రావలెను. కడపటివాడు చేరగానే ముందువారు బయలుదేరుట మాత్రము అన్యాయము: అలసినవానికే విశ్రాంతి లేకపోవును. వాడు నీళ్ళు త్రాగి, ఊపిరి తీసికొన్న పిదపనే జట్టు కదలవలెను.

ఫ్రాన్సునుండి వచ్చిన బ్రెవే పద్ధతిలో 200 కిలోమీటర్లను 13½ గంటలలో ముగింపవలెను. బెంగుళూరు సైకిలువారును అట్టివి సాగింతురు. అవి పెద్దలకు తగినవి. మన పిల్లలకు శిడ్లఘట్ట మీదుగా చింతామణికి సుమారు 40 కిలోమీటర్లు చాలును. పెద్ద లారీలు తిరుగు బాగేపల్లి వైపు 44వ జాతీయ రహదారి వారికి వలదు. చింతామణి దాపున కైవారము చూడవచ్చును. నారాయణ తాతయ్య తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడిన ఊరది.

ఎక్కుటకన్న దిగుటయే అపాయము. మలుపునకు ముందే రెండు బ్రేకులను మెల్లగా, విడిచి విడిచి పట్టవలెను. సైకిళ్ళ నడుమ ఎడముండవలెను. అనుమతి పత్రముపై సంతకము చేయుటకు ముందు మీ పిల్లవాని సైకిలు బ్రేకు రబ్బర్లు అరిగినవేమో చూడుడు.