వేసవిలో ఉద్యోగుల ఉడుపులు

మే మాసపు మధ్యాహ్నం మధురవాడలో బస్సు దిగినవానిని ఎండకన్న ఉక్కపోత ఎక్కువగా బాధిస్తుంది. కారణం సముద్రమే. దేహం చల్లబడవలెనంటే చెమట ఆవిరి కావలెను. ఒక్కొక్క గ్రాము చెమట ఆవిరియగుటలో సుమారు 580 కేలరీల వేడిని తీసుకొనిపోతుంది. గాలిలో తేమ నిండియున్నప్పుడు చెమట ఆరదు, కారుతుంది. ఆపైన పాలియెస్టర్ చొక్కా, మెడకు టై, కోటు చేరినచో గాలి చొరబడే దారులన్నీ మూసినట్లే. వదులైన నూలుబట్ట చెమటను పీల్చి గాలిని రానిస్తుంది. పొందూరు ఖద్దరు నేసినవారికి ఈ సంగతి ఏ శాస్త్రజ్ఞుడూ చెప్పనక్కరలేకపోయింది.

కోటు చలిదేశపు ఉడుపు. బ్రిటిషువారి కచేరీలనుండి మనకు సంక్రమించింది. న్యాయవాదుల నల్లకోటునే చూడండి. సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప తక్కిన న్యాయస్థానాలలో వేసవియందు అది తప్పనిసరి కాదని భారత బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నవి. పైకోర్టులకు కూడ ఈ సడలింపు కోరిన అర్జీని 2022లో సుప్రీంకోర్టు విచారణకు స్వీకరింపక, బార్ కౌన్సిల్‌నే ఆశ్రయించమన్నది.

జపాను ప్రభుత్వం 2005లో ‘కూల్ బిజ్’ పేర కార్యాలయాల శీతలయంత్రాలను 28 డిగ్రీలవద్ద నిలిపి, ఉద్యోగులను కోటు, టై లేకుండ రమ్మన్నది. మనవారో, కోటుకొరకు గదిని చల్లబరచి, ఆ చలికి మరల కోటు తొడుగుతారు!

ఒకప్పుడు నేనును మిత్రుని టై అరువు తెచ్చుకొని ఇంటర్వ్యూకు వెళ్లి, సమాధానాలకన్న చేతిరుమాలుపైనే మనస్సు నిలిపినవాడను. ఉతికి ఇస్త్రీచేసిన పొట్టిచేతుల నూలుచొక్కాను వేసవి ఇంటర్వ్యూలకు సముచిత వేషంగా అంగీకరింపుడని, మన కళాశాలకు వచ్చే సంస్థలకు కళాశాల సంఘంవారు ముందుగా ఒక లేఖ వ్రాయవలెనని నా మనవి.