శబ్దం శక్తి కాదు

హఫీజ్‌పేట్ నుంచి కొండాపూర్ మీదుగా హైటెక్ సిటీకి సాగే దారిలో వాహనాల రద్దీకి విరామం ఉండదు. ఆ రద్దీలో అప్పుడప్పుడు ఒక వాహనం చెవులు చిల్లులు పడేలా గర్జిస్తూ దూసుకుపోతుంది. ‘ఎంత శక్తిగల ఇంజనో!’ అని కొందరు యువకులు మురిసిపోవడం కద్దు. కాని శబ్దానికీ శక్తికీ ఉన్న సంబంధం అంత సూటియైనది కాదు. ఈ సత్యాన్ని గ్రహించడానికి సమతల ఇంజను చక్కని ఉదాహరణ.

సాధారణ కార్లలో నాలుగు సిలిండర్లు ఒకే వరుసలో నిలబడి ఉంటాయి. సమతల ఇంజనులో రెండు కుడివైపు, రెండు ఎడమవైపు పడుకున్నట్లుగా ఉంటాయి. ఎదురెదురు పిస్టన్లు ముష్టియోధుల పిడికిళ్ల వలె ఒకేసారి దగ్గరై ఒకేసారి దూరమవుతాయి. కనుకనే దీనికి ‘బాక్సర్’ అనే పేరు వచ్చింది. జర్మన్ ఇంజనీరు కార్ల్ బెంజ్ 1896లో రెండు సిలిండర్లతో ఈ అమరికను రూపొందించాడు. ఫోక్స్‌వాగన్ బీటిల్, 1966లో వెలువడిన సుబారు 1000 కార్లలో నాలుగు సిలిండర్ల సమతల ఇంజన్లు ఉన్నాయి.

సుబారు ఇంజనులో 1, 3 సిలిండర్లు ఒక పక్కన, 2, 4 మరొక పక్కన ఉంటాయి. ఇంధనం మండే క్రమం 1-3-2-4. అనగా ఒకే పక్కనున్న రెండు సిలిండర్లు వెంటవెంటనే పొగను వదలుతాయి. ఆ రెండింటి గొట్టాలను దగ్గరలోనే కలిపితే ఒకదాని పొగ రెండవదానికి అడ్డుపడుతుంది. ఒక పక్క గొట్టాన్ని ఇంజను కిందుగా రెండవ పక్కకు చేర్చినప్పుడు దారుల పొడవులలో తేడా ఏర్పడుతుంది. ప్రసిద్ధమైన ‘గడగడ’ ధ్వనికి ఆ తేడాయే ముఖ్య కారణం.

ఈ తేడాను లెక్కకట్టి చూద్దాం. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒక సిలిండర్ పొగ వదలుతుంది. సుమారు 500 డిగ్రీల వేడి గల పొగలో పీడన తరంగం సెకనుకు దాదాపు 550 మీటర్లు పయనిస్తుంది. రెండు దారుల మధ్య 55 సెంటీమీటర్ల తేడా ఉంటే ఒక తరంగం 1 మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. 6000 చుట్ల వద్ద రెండు విడుదలల నడుమ వ్యవధి 5 మిల్లీసెకన్లే కనుక ఆ ఆలస్యం అందులో అయిదవ వంతు అవుతుంది. లయ చెడుతుంది.

కాబట్టి కొత్త గొట్టాలను రూపొందించే నిపుణుడు 1ని 2తో, 3ని 4తో జతపరుస్తాడు. ప్రతి జతలోను రెండు విడుదలల మధ్య క్రాంక్ షాఫ్ట్ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. అందువలన పొగలు ఒకదానికొకటి అడ్డురావు. నాలుగు గొట్టాల పొడవులు సమానంగా ఉండాలి. వేడికి స్టెయిన్‌లెస్ స్టీలు మీటరుకు సుమారు 1 సెంటీమీటరు సాగుతుంది కనుక వంగే అతుకు తప్పనిసరి. గొట్టాలు ఇంజను కిందుగా పోతాయి కనుక మన వీధుల స్పీడ్ బ్రేకర్లకు తగలని ఎత్తునూ చూసుకోవాలి. విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టరును, సైలెన్సరును తొలగించరాదు.

2003లో వచ్చిన నాలుగవ తరం సుబారు లెగసీలో సమాన పొడవు గొట్టాలను అమర్చినప్పుడు ఆ గడగడ ధ్వని సద్దుమణిగింది. ఇంజను మాత్రం బలహీనపడలేదు. గర్జన బలానికి గుర్తు కాదనడానికి ఇంతకన్న నిదర్శనమేల?

మన దేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహనపు మౌలిక స్వరూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని నిషేధిస్తున్నది. 2019 సవరణ ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించిన వాహనాన్ని నడిపిన వారికి మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు శిక్ష విధించవచ్చు. శబ్ద కాలుష్య నియమాలు, 2000 నివాస ప్రాంతాలలో రాత్రివేళ 45 డెసిబెళ్లను పరిమితిగా నిర్ణయించాయి. చంటిబిడ్డలు, రోగులు నివసించే వీధులలో ఆ పరిమితి విలువను వేరుగా చెప్పనక్కరలేదు. ఇంజనుకు చక్కని శ్వాసనిచ్చి, ఇరుగుపొరుగు నిద్రను కాపాడే గొట్టమే ఉత్తమమైన నిర్మాణం.